కడిగిన గాజుతొట్టి

మా పక్కవాటాలో ఉండే కళ్ళజోళ్ళాయనకు అద్దం మీద మరక కనపడితే మాట సాగదు. మాట్లాడుతూనే చెయ్యి చాపి మన కళ్ళజోడు తీసేసుకుంటాడు. జేబులోంచి మెత్తటి గుడ్డ తీసి, రెండద్దాలూ తుడిచి, వెలుగుకు పట్టి చూసి, మళ్ళీ మన ముక్కుమీద పెట్టేదాకా మనం కళ్ళు చికిలించుకుని నిలబడాల్సిందే. ముప్ఫయ్యేళ్ళుగా వీధి చివర ఇరుకుగదిలో కూర్చుని అద్దాల అంచులు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తున్నాడు. ఆ గదిలో అద్దాల బీరువా మీద ఈగ వాలినా దాని కాలిముద్ర మిగలదని మా ఇంట్లోవాళ్ళు నవ్వేవాళ్ళు.

పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడగకుండా ఊరుకున్నానా? నా నోట్లో నువ్వుగింజ నానదు కదా.

"పొద్దస్తమానం నాతో పోట్లాడటానికి ఇంట్లో ఒకతి ఉంది. రెండో మనిషిని తట్టుకోలేను అక్కయ్యగారూ" అన్నాడు.

ఆ ఒకతి ఆయన చెల్లెలు, బడిలో డ్రాయింగు టీచరు. ఆవిడా పెళ్ళి చేసుకోలేదు. ముందుగదిలో కిటికీ పక్కన నడుమెత్తు బల్ల మీద ఉప్పునీళ్ళ గాజుతొట్టి పెట్టుకుంది. అందులో సముద్రపు రాళ్ళు, కాస్త ఇసుక, ఒకే ఒక్క చేప. చూపుడువేలంత ఉండేది. నీలం ఒంటిమీద నారింజరంగు చారలు మెలికలు తిరిగి ఉండేవి. ఈదడం తక్కువ, రెక్కలమీద నడుస్తున్నట్టు రాయి రాయికీ వెళ్ళి ముక్కుతో పొడుచుకుంటూ తిరిగేది. టీచరమ్మ దాన్ని 'దొరగారు' అని పిలిచేది.

అన్నాచెల్లెళ్ళ పోట్లాటల్లో సగం ఆ తొట్టి గురించే. గోడకు చెవి ఆనించనక్కర్లేదు, అరుపులన్నీ వినపడేవి.

"ఆ వెనకద్దం పాచి పట్టిపోయిందే! ఇది ఇల్లనుకున్నావా, మడుగనుకున్నావా?"

"నువ్వు ముందునుంచి చూడు అన్నయ్యా. వెనక జోలికి పోకు."

"బద్ధకమైతే చెప్పు, నేను తోముతాను."

"పోయి నీ కొట్లో తోముకో. ఇక్కడ చెయ్యి పెట్టావో, విరగ్గొడతాను."

ఆరేళ్ళు ఇదే వరస. పోయిన చలికాలం టీచరమ్మకు జ్వరం వచ్చింది. ఊపిరితిత్తులకు పాకిందన్నారు. ఆసుపత్రికి నడిచి వెళ్ళిన మనిషి పన్నెండో రోజున పోయింది. ఆయన కంట తడిపెట్టలేదు. వచ్చినవాళ్ళకు కుర్చీలు వేశాడు, వెళ్ళేవాళ్ళను గుమ్మందాకా సాగనంపాడు.

వారం తిరక్కముందే ఒక ఉదయం వెనక వరండాలో కుళాయి చప్పుడు వినిపించి నేను తొంగి చూశాను. తొట్టిలోని రాళ్ళన్నీ బకెట్లో పోసుకుని, ఒక్కొక్కటే కుళాయి కింద పెట్టి బ్రష్షుతో తోముతున్నాడు. కంతల్లోకి కూడా పుల్ల పెట్టి గీకుతున్నాడు. సాయంత్రం వెళ్ళి చూస్తే వెనకద్దంలోంచి గోడ మీది సున్నం కనిపిస్తోంది.

"ఇప్పుడు ఇది తొట్టిలా ఉంది నాయనా" అని మెచ్చుకున్నాను. ఆ మాట నేనే అన్నాను. పై వాటావాళ్ళు కూడా వచ్చి చూసి అదే అన్నారు. అంత్యక్రియలయ్యాక ఆయన ముఖంలో కాస్త కళ కనపడింది ఆ పూటే.

మూడు వారాలు గడిచాయి. కొట్టు మధ్యాహ్నానికే మూతపడుతోంటే ఊరుకోలేక వెళ్ళాను. తొట్టి ముందు ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు. చేతిలో మందు చుక్కల గొట్టం. మంచుగడ్డ కట్టిన బుల్లిరొయ్యల్ని కరిగించి, బ్లేడుతో నూకలంత తరిగి, ఆ గొట్టంతో చేప ముక్కుముందు వదులుతున్నాడు. దొరగారు ఒక ముక్కను చూసింది, నోట్లోకి తీసుకుంది, ఊసేసి నడిచిపోయింది. దాని కడుపు వీపుకు అంటుకుపోయి ఉంది. తల ఒక్కటే పెద్దగా కనపడుతోంది.

"నువ్వైనా తిన్నావా?" అన్నాను.

"దాని సంగతి తేలనివ్వండి." తొట్టి మీదనుంచి చూపు తిప్పకుండానే అన్నాడు. "చెల్లి వదిలివెళ్ళిన ప్రాణం ఇదొక్కటే అక్కయ్యగారూ. ఇది కూడా నా చేతుల్లో పోతే..."

"అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇది కొన్నచోట అడిగావా?"

అడగలేదు. ఆయన అడిగే రకం కాదు. నేనే చెప్పులు వేసుకుని బయలుదేరదీశాను.

రంగుచేపల దుకాణం నడిపే ఆమె నలభయ్యేళ్ళ మనిషి, మోచేతులదాకా తడి. టీచరమ్మ పేరు ఎత్తగానే గుర్తుపట్టింది.

"ఆరేళ్ళు బతికించారంటే మాటలు కాదు. ఈ మధ్య ఏమైనా మార్చారా?"

"లేదమ్మా" అన్నాడాయన.

"నీళ్ళు? రాళ్ళు?"

"ఏమీ లేదు." గుడ్డ తీసి ఆమె తొట్టి అద్దం మీది వేలిముద్ర తుడుస్తున్నాడు.

"లేదేమిటి తమ్ముడూ!" అన్నాను నేను. "రాళ్ళన్నీ కుళాయి కింద పెట్టి తోమావుగా! వెనకద్దం కూడా. నా కళ్ళతో చూశాను."

ఆమె చేతిలో వల కింద పెట్టింది.

"కుళాయి నీళ్ళతోనా?"

ఆయన తల వంచుకున్నాడు.

"మనం వేసేది తినే జాతి కాదండీ అది" అంది ఆమె, గొంతు తగ్గించి. "ఆ రాళ్ళ కంతల్లో, ఆ పాచిలో నలుసంత పురుగులుంటాయి. పొద్దున్నుంచి సాయంత్రందాకా వాటిని ఏరుకు తింటేనే దానికి బతుకు. మంచినీళ్ళు తగిలితే అవి ఒక్కటి మిగలవు. మీరు కడిగింది మురికి కాదు, దాని తిండి."

తన పాత తొట్టిలోంచి పాచిపట్టిన రాయి ఒకటి తీసి సంచిలో వేసింది. ఒక సీసాడు నీళ్ళు కూడా ఇచ్చింది. వెలుగుకు పట్టి చూస్తే తెల్లటి నలుసులు ఎగిరెగిరి కదులుతున్నాయి.

తిరిగొచ్చేటప్పుడు ఆయన ఇంటి మెట్ల దగ్గర ఆగాడు.

"చెప్పింది" అన్నాడు.

"ఎవరు?"

"చెల్లి. ఆరేళ్ళూ చెప్పింది. అందులో దాని తిండి ఉంది అన్నయ్యా అని. ఏదీ, నాకు కనపడదేం అన్నాను. బద్ధకానికి సాకు చెబుతోందనుకున్నాను." సీసా రెండు చేతులతో పట్టుకున్నాడు. "ఇందాక ఆవిడ అడిగితే నిజం చెప్పడానికి నోరు రాలేదు. చెల్లి మాట వినలేదని చెప్పాలి కదా."

రాయి ఉన్న సంచి పట్టుకుని నేను మెట్లెక్కాను. అద్దం బాగుందని మెచ్చుకున్న నోరే కదా నాదీ.

మూడో రోజు పొద్దున్నే నా తలుపు దబదబా బాదాడు. "పొడిచింది! రాయిని పొడుస్తోంది, రండి!" నేను చేతిలో చీపురుతోనే పరిగెత్తాను. దొరగారు ఆ కొత్త రాయి చుట్టూ తిరుగుతూ ముక్కుతో టక్కుటక్కున ఏరుకుంటోంది. ఆ రోజు ఆయన నా వంటింట్లో కూర్చుని, నేను వడ్డించినదంతా తిన్నాడు.

తొమ్మిది రోజులు తింది. పదో రోజు మధ్యాహ్నం ఇసుకలో ఒరిగి ఉంది. అన్నాళ్ళు పస్తున్నది మళ్ళీ తిన్నా ఒక్కోసారి నిలవదని దుకాణమామె చెప్పింది.

వీధిలో అడిగినవాళ్ళకు నేనే ముందు జవాబిచ్చాను. "వయసైపోయింది పాపం, ఎన్నాళ్ళని బతుకుతుంది" అని. పక్కనే ఉన్న ఆయన అడ్డుపడ్డాడు.

"వయసు కాదండీ. ఆకలితో పోయింది. దాని తిండి నేను కడిగి పారబోశాను."

ఒకళ్ళకు కాదు, అడిగిన ప్రతివాళ్ళకూ అదే చెప్పాడు. ఊరుకోవయ్యా అని నేను మోచేత్తో పొడిచినా ఆపలేదు.

తొట్టి తీసేస్తాడనుకున్నాను. తియ్యలేదు. నీళ్ళు మారుస్తాడు, ఉప్పు కొలుస్తాడు, వేళకు దీపం వేస్తాడు. దుకాణమామె మరో చేప ఇస్తానని కబురు చేస్తే ఇప్పుడే వద్దన్నాడు. టీచరమ్మ కూడా మొదట ఏడాదిపాటు తొట్టిలో చేపను వెయ్యలేదట. ఉత్త రాళ్ళకు దీపం పెడుతున్నావా అని ఆయన ఎగతాళి చేసేవాడట. ఇప్పుడు చెప్పాడు ఆ సంగతి.

నిన్న సాయంత్రం వెళ్ళి, "చేప ఎప్పుడొస్తుంది?" అని అడిగాను.

"పురుగులింకా పలచగా ఉన్నాయి అక్కయ్యగారూ. ఇటు రండి."

వెనకద్దం కనపడేలా నన్ను తొట్టి పక్కన నిలబెట్టాడు. అద్దం మీద పచ్చటి పొర పరుచుకుని ఉంది. చాలాసేపు చూశాను. పాచి తప్ప ఏమీ లేదు. "కదలకండి" అన్నాడు. అంతలో ఆవగింజలో పావువంతైనా లేని తెల్లటి చుక్క ఒకటి గబుక్కున జరిగి ఆగింది. దాని పక్కన ఇంకొకటి.

"కనపడిందా?"

"కనపడింది నాయనా."

ఆయన లోపలికి వెళ్ళి నాకు కుర్చీ తెచ్చి వేశాడు.