దొరసాని ఎక్కి ఆత్మకూరు పోయిన ఆదివారం

కారు పిచ్చి ఉన్నవాళ్ళు ఏం పని చేసుకుని బతుకుతారని ఎవరైనా అడిగితే, కారుతో ఏ సంబంధమూ లేని పని ఏదైనా చేసుకుని బతుకుతారని చెబుతాను. ఆ రోజుల్లో మా ఉదయగిరిలో అలాంటివాళ్ళు ఐదుగురు ఉండేవారు. మా చిన్నాయన కరెంటు లైన్‌మ్యాను. వారమంతా స్తంభాలెక్కేవాడు, ఆదివారం వచ్చేసరికి కారు కిందకి దూరేవాడు. (ఆరు రోజులు ఆకాశంలో, ఏడో రోజు పాతాళంలో. భూమ్మీద మా పిన్నికి ఆయన దొరికిన రోజంటూ లేదు.) మిగతా నలుగురిలో ఒకాయన బస్సు కండక్టరు, ఒకాయన బడిలో డ్రాయింగు మాస్టారు, ఒకాయన కాంపౌండరు, ఇంకొకాయన బజారులో హోల్‌సేలు కొట్టు నడిపే శెట్టిగారు. ఈ ఐదుగురూ చందాలేసుకుని గుండ్రటి ముక్కున్న పాత తెల్లకారు ఒకటి ఎక్కడినుంచో తెచ్చి, దానికి దొరసాని అని పేరు పెట్టి, చిన్నాయన ఇంటి పక్కనున్న రేకుల షెడ్డులో నిలబెట్టారు. నిలబెట్టారు అన్నాను, చూడండి. నడిపారు అనలేదు.

అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు దొరసానిని వాళ్ళు భాగాలు పంచుకున్నారు. వైర్లూ లైట్లూ చిన్నాయనవి. రంగులూ సోకులూ మాస్టారివి. నూనెలు పోయడం, నీళ్ళు పట్టడం, ట్యాంకు కడగడం కాంపౌండరు పని. ఏ వస్తువు కొనాలన్నా శెట్టిగారే కొనాలి. స్టీరింగు కండక్టరు మామది. (ఇరవై ఏళ్ళు బస్సులో నిలబడి డ్రైవరు వీపు చూసినవాడికి, ఒక్కసారైనా ముందు కూర్చోవాలని ఉండదా పాపం. అలా అని అప్పుడు జాలిపడ్డాను. ఇప్పుడు పడను.) ఒకరి భాగంలో ఇంకొకరు వేలు పెట్టకూడదు. అదీ వాళ్ళ కట్టుబాటు. ఒకసారి శెట్టిగారు సరదాపడి హెడ్‌లైటు తుడిస్తే, చిన్నాయన రెండు వారాలపాటు ఆయనతో మాట్లాడలేదు. పెళ్ళాం పిల్లలు దేనికి ఏడుస్తున్నారో తెలియదు గానీ, దొరసాని దగ్గితే మాత్రం ఐదిళ్ళలోనూ అన్నం దిగేది కాదు.

ఇక నా సంగతి. చదువు ఏడో తరగతితో ఆగింది. పెద్దదాన్నయ్యాక రెండు సీజన్లు పొగాకు గ్రేడింగుకు పోయాను. ఆకులు ఏరి ఏరి చేతికి పట్టిన ఘాటు ఎంత కడిగినా పోయేది కాదు, ముద్ద నోటి దగ్గరికి తెస్తే అన్నమూ పొగాకు కంపే కొట్టేది. ఆ బాధ పడలేకే పక్కింటి అక్క దగ్గర మిషను కుట్టడం నేర్చుకున్నాను. నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు, ఆత్మకూరులో బడిపిల్లల యూనిఫారాలు కుట్టే షాపులో ఒక మిషను ఖాళీగా ఉందని తెలిసింది. ఆదివారం పదింటికి వచ్చి ఎదురుగా కాలరు కుట్టి చూపించాలి, నచ్చితే పని అని ఓనరు కబురు పెట్టాడు. మా నాయన తువ్వాలు భుజాన వేసుకుంటూ ఒకటే మాట అన్నాడు. "పోయిరా పాపా. కుదిరిందా, సంతోషం. కుదరకపోతే మాత్రం సోమవారం నించి పొగాకుకే పోవాల. మళ్ళా మిషనూ గిషనూ అని నా చెవికాడ చేరగూడదు."

ఆ ఆదివారం పొద్దున కత్తెరను గుడ్డలో చుట్టుకుని ఏడింటి బస్సు కోసం బయలుదేరితే, షెడ్డు ముందు చిన్నాయన అడ్డం పడ్డాడు. "ఏందే, బస్సుకు పోతా ఉండావా? ఇంట్లో కారు పెట్టుకోని? ఊరోళ్ళు చూస్తే మా మొహాన ఊస్తారు."

"పదింటికి ఉండాల చిన్నాయనా. ఆలస్యమైతే ఓనరు రానియ్యడంట."

"పదేందే! తొమ్మిదికే ఆత్మకూరులో ఇడ్లీ తింటా ఉంటావు. ఎక్కు!"

ఎక్కాను. ఎక్కేముందు చెప్పులు విప్పించి సంచిలో పెట్టించారు, దొరసాని లోపల చాప కొత్తదట. తలుపు నన్ను వేయనివ్వలేదు. "గట్టిగా ఏస్తే బెదురుద్ది" అని చిన్నాయనే పసిబిడ్డకు దుప్పటి కప్పినట్టు వేశాడు. లోపల చూద్దును కదా, వెనక తలుపులకు పిడి లేదు, అద్దం దించుకునే మరా లేదు. మెరుగు పెట్టడానికి మాస్టారు ఊడదీశారట. ముందు సీట్లో కండక్టరు మామ, శెట్టిగారు. వెనక నేనూ చిన్నాయనా కాంపౌండరూ మాస్టారూ. బయలుదేరేముందు ఐదుగురూ వరసగా దిగి, ఎవరి భాగం వాళ్ళు చూసుకుని, మళ్ళీ ఎక్కారు. అందరూ ఎక్కాక కాంపౌండరుకు నీళ్ళు చూశానా లేదా అని అనుమానం వచ్చింది. మళ్ళీ దిగారు. తిక్కలోడు తిరణాలకు పోతే ఎక్కా దిగా సరిపోయిందని మా అవ్వ అంటుండేది. ఆ తిక్కలోడు ఒక్కడే గదా అనుకున్నాను, ఇక్కడ ఐదుగురు.

నందిపాడు వచ్చేలోపల మూడుచోట్ల ఆపారు. కారు చెడి కాదు. టీకొట్టు ముందు ఎవరో తలతిప్పి చూశారని. చూసినవాడు "ఏ కాలం నాటిదన్నా ఇది?" అని అడగడమే ఆలస్యం, ఐదుగురూ దిగి ఎవరి భాగం గురించి వాళ్ళు చెప్పడమే. నేను లోపలినుంచి అద్దం మీద కొడితే, చిన్నాయన నావైపు చూపించి "మా అన్న కూతురు. ఉద్యోగానికి తీసకపోతా ఉండాం" అని అదీ దొరసాని గొప్పల్లోనే కలిపి చెప్పాడు.

మర్రిపాడు ఇంకా రాకముందే దొరసాని రెండుసార్లు ఎక్కిళ్ళు పెట్టి ఆగిపోయింది. చుట్టూ కంపచెట్లు, ఎండ. బానెట్టు ఎత్తారు. చిన్నాయన వైర్లన్నీ పట్టి చూసి "నా తట్టు ఏం లేదు" అన్నాడు. కాంపౌండరు నూనె ముంచి, వేలికి రాసుకుని, వాసన చూసి "నా తట్టూ ఏం లేదు" అన్నాడు. శెట్టిగారు "నేను తెచ్చిన సరుకులో ఏనాడూ లోపం ఉండదు" అన్నారు. ఎవరి భాగం వాళ్ళది బంగారం. కారు మాత్రం కదలదు.

అప్పుడు వెనకనుంచి వచ్చింది ఆత్మకూరు బస్సు. దేవుడే పంపాడనుకున్నాను. అదెక్కితే పదికి ఐదు నిమిషాల ముందే నేను షాపు ముందుంటాను. డ్రైవరు మమ్మల్ని చూసి తనంతట తానే ఆపాడు. అందులోని కండక్టరు ఫుట్‌బోర్డు మీదికొచ్చి, "ఏందన్నా, బండి ఆగిపోయిందా? ఎవురన్నా ఎక్కేదుండాదా?" అని అడిగాడు. నేను లోపల అద్దం బాదుతున్నాను, "నేనుండాను! నేనుండాను!" అని అరుస్తున్నాను. తలుపు తెరుద్దామంటే పిడి లేదు. మా కండక్టరు మామ, ఆ మహానుభావుడు, నడుం మీద చెయ్యి పెట్టుకుని నవ్వి, "ఆగిపోవడమేంది అబ్బయ్యా! గాలికోసరం నిలబెట్టినాం. నువ్వు పో పో, టైమైపోద్ది" అని రైట్ రైట్ చెప్పి పంపించేశాడు. బస్సు దుమ్ము దొరసాని మీద పడితే, మాస్టారు అయ్యయ్యో అంటూ గుడ్డ తీసుకుని పరుగెత్తారు. నా కళ్ళలో నీళ్ళు ఎవరూ తుడవలేదు.

వాళ్ళ బండి ఆగిందని ఇంకొక బస్సు కండక్టరుకు తెలిస్తే నామోషీ! దానికోసం నేను పొగాకులో పడి చావాలి!

నా కేకలకు చిన్నాయన వచ్చి తలుపు తీశాడు. దిగీ దిగగానే అడిగాను. "పెట్రోలు ఉండాదా?"

ఐదుగురూ ఒక్కసారిగా నవ్వారు. "ఏడో తరగతి చదివిన పిల్ల మనకు మెకానిజం చెప్తా ఉండాది" అన్నాడు కాంపౌండరు. కండక్టరు మామ నన్ను ముందు సీటు దగ్గరికి పిలిచి గడియారంలాంటిది చూపించాడు. "చూడమ్మే. ముల్లు యాడుండాది? ఫుల్లు. ఉదయగిరిలో ఎట్టుందో ఇప్పుడూ అట్టే ఉండాది. చుక్క తగ్గలా. అట్టాంటి బండి మనది."

ఇరవై మైళ్ళకు పైగా వచ్చాక కూడా చుక్క తగ్గలేదట! నేను వంగి చూశాను. ముల్లు ఎర్రగా, సన్నగా, చివర చిన్న మెలికతో ఎంతో అందంగా ఉంది. వేలితో తట్టాను. కదల్లేదు. గోటితో గీకాను. గోట్లోకి ఎర్ర రంగు వచ్చింది.

మాస్టారు దగ్గారు. "అసలు ముల్లు ఎప్పుడో విరిగిపోయినాది గదా. ఖాళీగా ఉంటే బో అసహ్యంగా ఉండాదని నేనే ఏసినాను."

"ఏసినావు సరే, ఫుల్లులో ఎందుకేసినావయ్యా?" అన్నాడు కండక్టరు మామ.

"సున్నాలో ఏస్తే అపశకునం గదా. పైగా ముల్లు నిటారుగా ఉంటేనే బొమ్మ నిండుగా ఉంటుంది."

దాంతో అసలు కథ బయటికొచ్చింది. పాత పెట్రోలు డేటయిపోయిన మందులాంటిదని కాంపౌండరు శనివారం ట్యాంకంతా వంచేసి, కడిగి, బండి కదలడానికని మూడు సీసాలు మాత్రం వడగట్టి తిరిగి పోశాడు. కొత్తది కొనడం శెట్టిగారి భాగం గదా అని ఊరుకున్నాడు. శెట్టిగారికి ఆ మాట ఎవరూ చెప్పలేదు. "చీటీ రాయండ్రా నాయనా అని మొత్తుకుంటానే ఉండాను. చీటీ లేకుండా మా ఇంటికి ఉప్పు గూడా తీసకపోను నేను" అని ఆయన రంకెలు. "కడిగిన చెయ్యి పొయ్యలేదా?" అని చిన్నాయన. "నీ భాగంలో నేను చెయ్యిపెడితే నువ్వు ఊరుకుంటావా?" అని కాంపౌండరు. నడిరోడ్డు మీద ఐదుగురు పెద్దమనుషులు ఆస్తి తగాదా పడుతుంటే, పదిన్నరయింది. చివరికి శెట్టిగారు నడిచివెళ్ళి దగ్గర పల్లెలో బడ్డీకొట్టులో సీసాల్లో అమ్మే పెట్రోలు తెచ్చారు. తిరిగి రావడానికి ముప్పావుగంట పట్టింది. అందులో సగం బేరానికి పట్టిందని ఆయనే గొప్పగా చెప్పుకున్నారు.

ఆత్మకూరు షాపు ముందు దిగేసరికి పన్నెండు. ఓనరు సన్నటి మనిషి, మెడలో టేపు. నేను గుమ్మం ఎక్కినా తల కూడా ఎత్తలేదు. "పదికి రమ్మన్నాను. వచ్చినోళ్ళ కుట్టు నచ్చలా, రానోళ్ళతో నాకు పన్లా. పో తల్లీ." నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. వెనక్కి తిరిగి చూస్తే వీధిలో దొరసాని చుట్టూ జనం, ఐదుగురూ నవ్వుతూ వివరిస్తున్నారు. ఏమైంది పాపా అని ఒక్కరూ అడగలేదు. అడిగిందొకటే. చిన్నాయన కేకేసి, "చెప్పులు విప్పి ఎక్కమ్మే!"

అప్పుడు పట్టింది నాకు పూనకం. ఆత్మకూరు నడిబజారులో ఐదుగురినీ కడిగి ఆరేశాను. స్తంభాలెక్కేవాడికి నేల మీద బుద్ధి లేదన్నాను. టిక్కెట్టు కొట్టే మనిషే నా బస్సు పోగొట్టాడన్నాను. జనం దొరసానిని వదిలేసి నన్ను చూడటం మొదలుపెట్టారు. ఐదుగురికీ సిగ్గొచ్చి, ఓనరును బతిమాలడానికి ఒకేసారి లోపలికి దూరారు. అదీ ఎవరి వృత్తి ధర్మం వాళ్ళది. కాంపౌండరు "పిల్లకు దారిలో కళ్ళు తిరిగినాయి, కాయితం రాసిస్తాను" అన్నాడు. శెట్టిగారు "నెలకు ఎంతిస్తావో చెప్పు, రవ్వంత తగ్గించుకుందాం" అని నా జీతం నాకే తగ్గించబోయారు. మాస్టారు గోడ మీది బోర్డులో అక్షరాలు వంకరగా ఉన్నాయన్నారు. కండక్టరు మామ "సీటు ఖాళీగానే ఉండాది గదా, ఎక్కించుకో అబ్బయ్యా" అన్నాడు. చిన్నాయన మీటరు వైపు చూసి "వైరింగు సరిగా లేదే" అన్నాడు.

ఓనరు రెండు చేతులూ జోడించాడు. "సామీ, మీరు బయటికి పోతే ఆ పిల్లచేత కుట్టిస్తాను. పోతారా?"

పోయారు. మిషను ముందు కూర్చున్నాను. ఒళ్ళంతా మండుతోంది. గుడ్డ సూది కింద పెట్టి తొక్కితే, నా కోపమంతా దారంలోకి దిగినట్టుంది, కుట్టు గీత గీసినట్టు పోయింది. ఓనరు కాలరు అటూ ఇటూ తిప్పి, కొసలు లాగి, వెలుతురుకు పట్టి చూశాడు. "ఊ" అన్నాడు. ఇంకోసారి చూశాడు. "సోమవారం ఎనిమిదింటికి ఇక్కడ ఉండాల."

నేను తలూపేలోపలే కిటికీలోంచి ఐదు తలకాయలు. "మీరేం బెంగ పెట్టుకోబాకండి, మేం కార్లో దింపుతాం!"

ఓనరు ఆ కాలరు బల్ల మీద పెట్టేసి, "అట్టయితే వద్దులేమ్మా" అన్నాడు.

"బస్సుకొస్తాను సార్! మా నాయన మీద ఒట్టు, బస్సుకే వస్తాను!" అని ఆయన కాళ్ళ మీద పడినంత పని చేశాను. ఆ సాయంత్రం ఇంటికి కూడా బస్సులోనే పోయాను. దొరసాని మర్నాడు మధ్యాహ్నానికి చేరిందట. ఎందుకని నేను అడగలేదు.

ఆ షాపులో తొమ్మిదేళ్ళు కుట్టాను, తర్వాత ఆత్మకూరులోనే సొంతంగా రెండు మిషన్లు పెట్టుకున్నాను. మళ్ళీ పొగాకు ముట్టలేదు. ఒక రహస్యం చెబుతాను. పెళ్ళికొడుకు చొక్కాలాంటి గట్టి పని వచ్చి, కాలరు మొండికేసినప్పుడల్లా, కళ్ళు మూసుకుని ఆ బస్సును పో పొమ్మన్న చెయ్యినీ, ఎర్రరంగు ముల్లునీ తలుచుకునేదాన్ని. కోపం భగ్గుమనేది, కుట్టు తిన్నగా పోయేది. ఇన్నేళ్ళూ నా చేతి పనికి పేరొచ్చింది అలాగే. కానీ శెట్టిగారు పోయారు, మాస్టారికి చూపు ఆనడం లేదు, చిన్నాయన స్తంభం ఎక్కడం మానేసి మూడేళ్ళయింది. ఈమధ్య ఎంత గట్టిగా తలుచుకున్నా కోపం నిలవడం లేదు, మధ్యలోనే నవ్వొచ్చేస్తోంది. కాలర్లు కాస్త వంకర పోతున్నాయి.