ఎడమ వైపు స్పీకరు

మా ఫిజిక్స్ మేడమ్ పోయారు. మల్కాజ్‌గిరిలో బస్సు కోసం నిలబడి ఉండగా వాళ్ళక్కగారు ఫోన్ చేశారు. "పోయింది బిడ్డా. పొద్దున చాయ్ తాగింది, జెరసేపు పండుకుంట అన్నది. గంతే." వస్తున్నానని చెప్పి బస్సెక్కాను. కండక్టర్ ఎక్కడికని అడిగితే అలవాటుగా మా కాలేజీ స్టాప్ పేరే చెప్పాను. ఆడవాళ్ళకిచ్చే జీరో టికెట్ చేతిలో పెట్టాక గానీ, నేను వెళ్ళవలసింది మేడమ్ వాళ్ళుండే మారేడ్‌పల్లికని తోచలేదు.

మేడమ్‌ది మెత్తని మనసని రాస్తే అబద్ధమవుతుంది. ల్యాబ్‌లో ఎవరైనా అంకెను అందాజుగా వేస్తే పేపరు వెనక్కి తోసేసేవారు. "ఊహించి చెప్పకు, కొలిచి చెప్పు." నేను ఫిజిక్స్ వదిలి చరిత్రలోకి వెళ్ళిపోయాను. "అయిపోయినవాటిని పట్టుకున్నావు. అవి కొలతకు దొరకవు, జాగ్రత్త," అన్నారు. అయినా ఆదివారాలు చర్చి అయ్యాక నన్ను ఇంటికి రానిచ్చేవారు. అక్కాచెల్లెళ్ళు ఇద్దరే ఉండేవారు. మేడమ్ పెళ్ళి చేసుకోలేదు. పెద్దమ్మ (వాళ్ళక్కగారిని నేనలాగే పిలుస్తాను) భర్త పోయాక చెల్లెలి దగ్గరికే వచ్చేశారు.

రిటైరయ్యాక మేడమ్‌కు ఇంట్లోనే ఒక జత స్పీకర్లు తయారుచేయాలని పట్టుదల వచ్చింది. కొనుక్కోవచ్చుగా అంటే, "కొన్నదాంట్లో ఏం జరుగుతోందో నాకెలా తెలుస్తుంది?" అన్నారు. రెజిమెంటల్ బజార్‌లో వడ్రంగి దగ్గర ప్లైవుడ్ కోయించడానికి నన్నూ తీసుకెళ్ళారు. అతను కొలతలు చూసి, "ఏందమ్మా గివి, కోళ్ళ గూళ్ళా?" అన్నాడు.

"కోళ్ళని పెడితే చస్తాయి. ఎక్కడా గాలి దూరకూడదు."

పెట్టెల లోపల పరవడానికి ఇంట్లో ఉన్న ఉన్ని దుప్పటి కోసేశారు. పెద్దమ్మ ఊరుకుంటారా? "నా దుప్పటి కోసి డబ్బలల్ల కుక్కినవానే? చలికాలం నేను గా డబ్బల దూరి పండుకోవాల్నా?" మేడమ్ తలెత్తకుండా, "దూరు. గొంతు బాగా వినిపిస్తది," అన్నారు.

పెట్టెలకు వేసిన పాలిష్ ఆరకముందే జబ్బు సంగతి బయటపడింది. మందు ఎక్కించుకుని ఆస్పత్రి నుంచి వచ్చిన ప్రతిసారీ వారమంతా మంచం మీదే. కాస్త లేవగలిగితే సోల్డరింగ్ ఐరన్ పట్టుకునేవారు. ఒక్కో పెట్టెలో కింద పెద్ద స్పీకరు, పైన సన్నని ధ్వనుల కోసం చిన్న ట్వీటరు. వాళ్ళ చర్చి ఆడవాళ్ళు తబలా, తాళాలతో పాడిన కీర్తనల రికార్డింగ్ పెట్టి పరీక్షించేవారు. తాళాలు సరిగ్గా పలకడం లేదని ట్వీటరు బలం పెంచేవారు. మరో వారం మళ్ళీ పెంచేవారు. నేను వెళ్ళిన ప్రతిసారీ ఆ గదిలో ధ్వని ఇంకొంచెం పదునెక్కి ఉండేది.

చివరికి ఒకరోజు, "ఎలా ఉంది? మొహమాటం వద్దు," అన్నారు.

"గుచ్చుకుంటోంది మేడమ్. తాళాలు చెవిలో సూదుల్లా దిగుతున్నాయి."

మేడమ్ నావైపు చూశారు. లోటు స్పీకర్లలో లేదని ఆవిడకు అప్పుడే అర్థమైందనుకుంటాను. ఫోన్‌లో ధ్వని పరీక్ష పెట్టారు. సన్నని కూత ఒకటి మెల్లగా పైపైకి వెళుతుంది. వినబడుతున్నంతసేపు ఇద్దరం చేతులెత్తి ఉంచాలి.

చాయ్ తెచ్చిన పెద్దమ్మ గుమ్మంలోనే ఆగారు. "ఏందే, ఇద్దరు చేతులెత్తిండ్రు? ప్రార్థననా? నాకేం వినొస్తలేదు."

"నీకు కుక్కర్ కూతే వినొస్తలేదు. వయసుతోని పోయినయి నీవి."

అంటూనే మేడమ్ చెయ్యి దించారు. ఆ కూత నాకింకా వినబడుతూనే ఉంది. జాలేసి నేనూ దించబోయాను. "దించకు," అన్నారు. "ల్యాబ్‌లో అబద్ధం చెబుతావా?" కూత పైకి పోతూనే ఉంది. నా చెయ్యి గాల్లో ఒంటరిగా నిలబడింది. ఆవిడ కళ్ళద్దాల్లోంచి దాన్ని, స్కేలు మీద గీతను చూసినట్టు, చూస్తూ ఉండిపోయారు.

మందుల వల్ల సన్నని ధ్వనులు పోవచ్చని డాక్టరు ముందే చెప్పారట. మేడమ్ సరేనన్నారట. "చెవులు పోతే పోయాయి, ప్రాణం ఉంటుందనుకున్నా," అన్నారు. అప్పటికే జబ్బు రెండోసారి తిరగబెట్టింది.

నేను చెప్పకుండా ఉండవలసిందా? నాలో ఈ ప్రశ్న ఇంకా తెమలడం లేదు. చెప్పకపోతే, అనుకున్న పని కుదిరిందన్న తృప్తితోనే పోయేవారేమో. కానీ ఆవిడ అడిగింది తృప్తిని కాదు కదా. అయినా, అడిగిన ప్రతిదీ ఇచ్చెయ్యాలా?

తరవాతి ఆదివారానికి కుడి స్పీకరును నా చెవితో సరిచేయించారు. ఎడమదాన్ని ముట్టుకోలేదు. జత అంటే రెండూ అచ్చం ఒకేలా పలకాలని మాకు పాఠం చెప్పిన మనిషి! "కుడిది మీకు, ఎడమది నాకు," అని తన కుర్చీని ఎడమ పెట్టె పక్కకు జరిపించుకున్నారు. అక్కడ కూర్చుంటే తాళాలు వినబడేవట. ఆ తరవాత కొన్ని వారాలకు అక్కడా వినబడలేదు. ఆ మాట ఆవిడ చెప్పలేదు. రికార్డింగ్ పెట్టమనడం మానేశారు, నేను అడగలేదు.

సమాధి దగ్గర ప్రార్థనలన్నీ ముగిశాక, మొన్న వెళ్ళాను. వచ్చిపోయినవాళ్ళ సామాన్లతో, మడిచిన దుప్పట్లతో గదిలో కూర్చోడానికి చోటు లేదు. "తీస్కపో బిడ్డా గా డబ్బలు. నాకు వాటితోని ఏం పని? చూస్తే పరేషాన్ అయితది," అన్నారు పెద్దమ్మ. తీసే ముందు పనిచేస్తున్నాయో లేదో చూద్దామని కీర్తనలు పెట్టాను. ఖాళీగా ఉన్నది ఎడమ పెట్టె పక్కనున్న మేడమ్ కుర్చీ ఒక్కటే. పెద్దమ్మ మోకాళ్ళు పట్టుకుని అందులో కూలబడ్డారు.

రెండో చరణం దగ్గర ఆవిడ మొహం మారింది.

"ఈ తాళాలు... ఎప్పటినుంచి ఉన్నయి ఇందుల?"

"మొదటినుంచీ ఉన్నాయి పెద్దమ్మా."

నా మాట ఆవిడకు చేరిందో లేదో తెలియదు. నేను వైర్లు విప్పలేదు. నా చెవులు నొప్పెడుతున్నా ధ్వని తగ్గించలేదు. పెద్దమ్మ చెవిని పెట్టెకు ఆనించి, తొడమీద ఒక వేలితో తాళం వేయడం మొదలుపెట్టారు. ప్రతి దెబ్బా కొంచెం ఆలస్యంగా పడుతోంది. కీర్తన అయిపోయింది. వేలు ఇంకా కదులుతూనే ఉంది.