గ్రాముల మామయ్య

గ్రాముల మామయ్యకి లోకంలో వస్తువులు రెండే రకాలు: కారులోంచి పీకేసినవి, ఇంకా పీకాల్సినవి. మూడో రకం ఒకటుందని ఎవరైనా అంటే, ఆ మనిషి జేబుల్లో ఏముందో తూచి చూసేవాడు. కారు జోరుగా పోవాలంటే ఇంజన్ పెంచక్కర్లేదు, బరువు తగ్గిస్తే చాలు అన్నది ఆయన సిద్ధాంతం. సిద్ధాంతాలు చాలామందికి ఉంటాయి. వాళ్ళు వాటిని మాటల దగ్గరే ఆపేస్తారు. ఈయన చేతిలో స్పానరు ఉండటంతో వచ్చింది చిక్కంతా.

ఆయన కారు రిపేరు షెడ్డు ఒక సందు మొదట్లో ఉంది. రెండు కార్లు పట్టాక మూడోది సందులో నిలబడాలి. గోడకి ఒక కొక్కెం, ఆ కొక్కేనికి స్ప్రింగు త్రాసు. బల్ల మీద ఇంకో చిన్న త్రాసు. అది ఒకప్పుడు అత్తయ్య వంటింట్లోది, ఇప్పుడు నట్లూ బోల్టులూ తూచడానికి డెప్యుటేషన్ మీద వచ్చింది.

బ్రేకు కీచుమంటోందని ఒక లాయరు పొద్దున కారు ఇచ్చి వెళ్ళాడు. సాయంత్రం వచ్చేసరికి కీచుమనడం లేదు. వెనక సీటు కూడా లేదు.

"సీటేదయ్యా?"

"ఇరవై రెండు కిలోలండీ."

"బరువు కాదయ్యా, సీటెక్కడుందని అడుగుతున్నా!"

"అసలు దాని మీద ఎవరు కూర్చుంటారండీ?"

"ఎవరూ కూర్చోరు. కేసుల కట్టలుంటాయి."

"అవీ తూచాను. నలభై మూడు కిలోలు. వాటిని విప్పి ఎన్నాళ్ళయింది?"

లాయరు వేళ్ళు లెక్కపెట్టుకున్నాడు. "ఆరేళ్ళయింది."

"అంటే ఆరేళ్ళుగా ఒక మనిషిని ఊరికే తిప్పుతున్నట్టేనండీ!"

లాయరు నిజాయితీపరుడు. ఒక్కణ్ణేమిటి, చాలామందిని తిప్పుతున్నానని ఒప్పుకున్నాడు. సీటు మాత్రం దగ్గరుండి మళ్ళీ బిగించుకుని పోయాడు.

ఇంట్లో కూడా ఇదే వరస. తీసెయ్యడానికి వీల్లేని వస్తువుకి డ్రిల్లుతో బెజ్జాలు పెట్టేవాడు. గొడుగు పిడికి బెజ్జాలు, అట్లకాడకి బెజ్జాలు, ఆఖరికి పళ్ళు తోముకునే బ్రష్షుకి కూడా. గరిటె కాడకి తొమ్మిది బెజ్జాలు పెట్టి, పన్నెండు గ్రాములు తగ్గిందని పట్టరాని సంతోషంతో తెచ్చి చూపించాడు. అత్తయ్య గరిటెని వెలుతురుకి పట్టుకుని చూసింది.

"కాడతో ఆపారు, సంతోషం. నీళ్ళ బిందె జోలికి మాత్రం రాకండి," అంది.

ఒకసారి ఆయన బావగారికి రైలు అందేలా లేదు. "నేను దింపుతాగా, కూర్చో బావా!" అని మామయ్య స్టేషనుకి బయల్దేరదీశాడు. దారి పొడుగునా చూశావా లాగుడు, చూశావా లాగుడు అంటూనే ఉన్నాడు. నాలుగు నిమిషాల ముందే చేర్చాడు కూడా. బావగారు పొంగిపోయి, డిక్కీ తెరిచి, పెట్టె కోసం చెయ్యి లోపలికి పెట్టి, అలాగే ఉండిపోయారు.

"నా పెట్టేది?"

"పదకొండు కిలోలు బావా! అది ఎక్కితే రైలు అందేదా?"

ఆ బావగారి కూతురే, అంటే మామయ్య మేనకోడలే, ఆయన సిద్ధాంతం చేతిలో అందరికంటే ఎక్కువ నలిగిన మనిషి. ఆమెది డ్రైవింగ్ స్కూల్లో నేర్పే ఉద్యోగం. రోజంతా పక్క సీట్లో కూర్చుని, గంటకి ఇరవై కిలోమీటర్ల వేగంతో, తన కాలి కింది రెండో బ్రేకు మీద ప్రాణాలు పెట్టుకుని తిరగాలి. అలాంటి ఉద్యోగం చేసేవాళ్ళకి జోరు మీద ఎంత మోజు పుడుతుందో చెప్పక్కర్లేదు. ఏటా జరిగే కొండ రేసులో ఆమె తన పాత చిన్నకారుతో పోటీ చేసేది. కొండ అడుగు నుంచి పైదాకా నాలుగున్నర నిమిషాల లోపు ఎక్కినవాళ్ళని ఒక టైర్ల కంపెనీ తన జట్టులో చేర్చుకుని, ఏడాది పాటు శిక్షణ ఇస్తుంది. కాకపోతే ఇరవై మూడేళ్ళు దాటకూడదు. ఆమెకి ఇరవై మూడు నడుస్తోంది. పోయినేడు నాలుగు నిమిషాల నలభై ఒక్క సెకన్లు పట్టింది. ఈసారి ఆ పదకొండు సెకన్లూ తగ్గాలి, లేదంటే జీవితాంతం రెండో బ్రేకే గతి.

ఆమె ముందు వెళ్ళింది మామయ్య దగ్గరికి కాదు. సందు చివర ఇంకో షెడ్డుంది. దాని ఓనర్ని అందరూ టర్బో అనేవారు. ఏ జబ్బుకైనా ఆయన దగ్గర ఒకటే మందు, ఇంజన్ బలం. హారన్ మోగట్లేదని వెళ్ళినా టర్బో పెట్టించుకోమనేవాడు. ఆయన షెడ్డు నుంచి కార్లు పిడుగుల్లా బయల్దేరి, తాడు కట్టించుకుని తిరిగి వచ్చేవి.

"ఇరవై హార్స్‌పవర్ పెంచేస్తానమ్మా. విను ఈ శబ్దం!" అని ఆయన ఒక కారు ఎక్సిలేటరు తొక్కాడు. శబ్దం బ్రహ్మాండంగా వచ్చింది. తర్వాత పొగ వచ్చింది. తర్వాత ఇంజన్లోంచి ఏదో బయటికొచ్చి గోడకి తగిలింది.

"ఇది మామూలేనమ్మా, ఇంకా వేడెక్కలేదు," అన్నాడు టర్బో పొగలోంచి.

ఆమె వెనక్కి తిరిగి వచ్చేసరికి మామయ్య షెడ్డు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"చూడు కోడలుపిల్లా, బలం పెంచితే తిన్నటి రోడ్డు మీదే లాభం. మలుపు దగ్గర బలమేం చేస్తుంది? గోడ దగ్గరికి తొందరగా తీసుకెళ్తుంది. బరువు తగ్గించావనుకో, లాగేటప్పుడు లాభం, ఆపేటప్పుడు లాభం, తిరిగేటప్పుడు లాభం. పది కిలోలకి ఒక సెకను. నూట ముప్ఫై కిలోలు పీకుతా. నాలుగు నిమిషాల ఇరవై ఎనిమిదికి ఎక్కకపోతే నా పేరు మార్చుకుంటా."

"నీ పేరు జనం ఎప్పుడో మార్చేశారు మామయ్యా," అంది ఆమె. కానీ కారు తాళాలిచ్చింది. వాటి రింగుని కూడా ఆయన అక్కడికక్కడే తీసేశాడు.

రెండు నెలల పాటు ఆ కారు పడ్డ పాట్లు శత్రువు కారుకి కూడా వద్దు. డ్రైవరు సీటు తప్ప మిగతా సీట్లు, తివాచీ, తలుపుల అట్టలు మొదటివారంలోనే పోయాయి. శబ్దం రాకుండా నేలకి అంటించిన తారురేకుని ఉలితో గీకాడు. కిటికీ అద్దాల చోట ప్లాస్టిక్ రేకులు వచ్చాయి. బోల్టుల్లో నట్టు దాటి పొడుచుకొచ్చిన ముక్కల్ని రంపంతో కోసి, డబ్బాలో పోసి తూచాడు. నూట తొంభై గ్రాములు. ఆ రోజు మతాబులా వెలిగిపోయింది ఆయన ముఖం. మేనకోడలు ఎప్పుడు షెడ్డుకెళ్ళినా చిన్న త్రాసు ముందుకి జరిగేది.

"ఆ హెయిర్ క్లిప్పు ఇటివ్వు. ఎనిమిది గ్రాములు!"

"ఎనిమిది గ్రాములకి ఏమొస్తుంది మామయ్యా?"

"ఏమొస్తుందంటావా? గ్రాము గ్రాము కూడితేనేగా..." అని ఏదో చెప్పబోయి, ఆగి, క్లిప్పు తీసుకున్నాడు.

ఆఖరివారంలో మాత్రం ఆమెని షెడ్డులోకి రానివ్వలేదు. రేసు కారు లోపల డ్రైవరు చుట్టూ ఇనుప గొట్టాలతో ఒక పంజరం ఉండాలి. కారు పల్టీ కొట్టినా లోపలి మనిషి నలగకుండా. పాత పంజరం బరువెక్కువ, తేలికైంది చేస్తానన్నాడు. వెల్డింగ్ మంట కళ్ళకి మంచిది కాదనీ అన్నాడు. పని పూర్తయ్యాక చూస్తే గొట్టాలన్నిటికీ స్పాంజి చుట్టి, నల్లగుడ్డ బిగించి ఉంది. ఒంటికి గుచ్చుకోకుండా చేశాడేమో అనుకుంది ఆమె.

రేసు రోజు పొద్దున, కొండ కింద మైదానంలో కార్లని తూచారు. మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. మేనకోడలి లెక్క ప్రకారం అయిదువందల తొంభై కిలోలు రావాలి. ముల్లు ఆరువందల ఇరవై అయిదు దగ్గర ఆగింది.

"మీ త్రాసు తప్పండీ," అంది ఆమె.

"తక్కువైతే అందరూ నా త్రాసు కరెక్టంటారు," అన్నాడు తనిఖీ ఆఫీసరు. లోపలికి వంగి, నల్లగుడ్డ కొంచెం ఊడదీసి, గొట్టం మందం కొలిచి, ఈల వేశాడు. "ఎవరమ్మా చేసింది? మేం అడిగేదాని కంటే సగం మందం ఎక్కువుంది. డ్రైవరు పక్కన అడ్డంగా ఒక్క గొట్టం చాలు. ఇక్కడ మూడున్నాయి. ఇది రేసు కారా, బ్యాంకు లాకరా?"

ఆమె మామయ్య వైపు తిరిగింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు, చాలా శ్రద్ధగా.

"మామయ్యా! నా క్లిప్పు దగ్గర ఎనిమిది గ్రాములకి కక్కుర్తిపడ్డావు. ఇదేమిటి?"

"పోయినేడు ఆరో మలుపులో గోడకి రాసుకున్నావు చూడు..."

"అదెంత? చిన్న గీత!"

"ఆ గీత కొలిచానే. నీ మోకాలికి జానెడు దూరం," అన్నాడాయన. "నీ పక్కన ఇనుము వెయ్యాలంటే బరువు పెరుగుతుంది. పెరిగితే ఓడిపోతావు. అందుకే ఇంకెక్కడ దొరికితే అక్కడ పీకాను. అయినా పదిహేడు కిలోలు ఎక్కువైంది. అదనంగా వేసిన ఆ రెండు గొట్టాలూ బోల్టులతోనే బిగించాను. నువ్వు వద్దంటే పావుగంటలో ఊడదీస్తా."

మేనకోడలికి కోపం, ప్రేమ ఒకేసారి వచ్చాయి. ప్రేమని ఎలా వాడాలో తెలియక, ముందు కోపాన్నే వాడింది. "వారం రోజులు నాకు అబద్ధం చెప్పావు!" అని అరిచి, రెండడుగులు పోయి, తిరిగి వచ్చింది. ముప్ఫై అయిదు కిలోలంటే మూడున్నర సెకన్లు. అంటే నాలుగు నిమిషాల ముప్ఫై ఒకటిన్నర. అంటే లేదు.

మామయ్య అప్పటికే స్పానరు పట్టుకుని సగం లోపలికి దూరాడు.

"ముట్టుకోకు," అంది ఆమె. "గొట్టాలు ఉండనీ."

"ఇదే ఆఖరి ఏడే, అమ్మడూ!"

"తెలుసు. ఉండనీ అన్నానుగా. పంజరానిది పదిహేడంటున్నావు. మిగతా పద్ధెనిమిది కిలోలూ ఎక్కడివి?"

మామయ్య నిటారుగా నిలబడ్డాడు. తన కారులో తనకి తెలియని పద్ధెనిమిది కిలోలా? ఇంతకంటే పరువుతక్కువ ఏముంటుంది? కారు కిందికి దూరాడు, పైకి ఎక్కాడు, ముక్కు పెట్టి వాసన కూడా చూశాడు. ఏమీ దొరకలేదు. ఆమె తాళం తిప్పింది. పెట్రోలు ముల్లు మెల్లగా లేచి, చివరికంటా వెళ్ళి కూర్చుంది.

"మామయ్యా, ట్యాంకు నిండుగా ఉంది."

"ఉండదా మరి? పొద్దున్నే నేనేగా పోయించింది."

"నాలుగున్నర కిలోమీటర్ల కొండకి?"

"కొండ మీద బంకుండదు కదే! మధ్యలో ఆగిపోతే ఒక్కదానివి ఏం చేస్తావు?"

"బోల్టు చివర్లు కోసి తూచిన మనిషివి, పెట్రోలు తూచలేదా?"

"పెట్రోలు కారులో భాగం కాదే," అన్నాడు మామయ్య నీరసంగా. "అది దారిబత్తెం."

తనిఖీ ఆఫీసరు పగలబడి నవ్వి, రబ్బరు గొట్టం తనే తెచ్చిచ్చాడు. ఇరవై నాలుగు లీటర్లు, అంటే ఆ పద్ధెనిమిది కిలోలూ, డబ్బాల్లోకి దిగాయి. రెండు మిగిలాయి. ఇంకో లీటరు ఉంచమని మామయ్య బతిమాలాడు. ఎవరూ వినలేదు. ఇప్పుడు లెక్క నాలుగు నిమిషాల ఇరవై తొమ్మిది పాయింట్ ఏడు. అంటే చేతిలో ఉన్నది సెకనులో మూడో వంతు కూడా కాదు. ఆమె వంతు పదిహేడోది. ఆ లోపు పైకి చేరుకోవాలని మామయ్య అడ్డదారి మెట్లు ఎక్కడం మొదలెట్టాడు.

జెండా పడింది. మొదటి అయిదు మలుపులూ ఆమె లెక్క ప్రకారమే తిప్పింది. ఆరో మలుపులో వెనక చక్రాలు జారాయి. అదే గోడ, అదే కుడిపక్క. పోయినేడు ఇక్కడే కాలు దానంతటది ఎక్సిలేటరు మీంచి లేచింది. ఈసారి లేవలేదు. మోకాలి పక్కన మూడు గొట్టాలున్నాయని కాలికి ఎవరో ముందే చెప్పినట్టుంది. కారు గోడకి బెత్తెడు దూరంలోంచి నిక్షేపంగా తిరిగి పైకి లాగింది. తర్వాతి మలుపుల్లో కూడా కాలు లేవలేదు.

గీత దాటి ఇరవై గజాలు వెళ్ళగానే ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ట్యాంకులో చుక్క లేదు. బోర్డు మీద అంకెలు వచ్చాయి: నాలుగు నిమిషాల ఇరవై ఏడు పాయింట్ తొమ్మిది. హెల్మెట్ లోపల ఆమె ఒక్కత్తే గట్టిగా అరిచింది. అరుస్తూ నవ్వింది.

ఆఖరి మెట్టు ఎక్కి మామయ్య వచ్చేసరికి ఆయనకి ఊపిరి తప్ప అన్నీ ఉన్నాయి. బోర్డు చూశాడు. వేళ్ళ మీద లెక్కేశాడు. మళ్ళీ వేశాడు.

"గెలిచావు కోడలుపిల్లా! గెలిచావు గానీ... లెక్క తప్పిందే. ఇంకో రెండు సెకన్ల దాకా తగ్గాయి. అవెక్కడివి?"

"నువ్వెక్కించిన బరువువి," అంది ఆమె. ఆయనకి అర్థం కాలేదు. ఆ సిద్ధాంతానికి ఆయన దగ్గర త్రాసు లేదు.

వెనక కారు వచ్చేస్తోంది, పక్కకి తీయండని జెండా మనిషి కేకేశాడు. మామయ్య చొక్కా చేతులు మడిచి, కారు వెనక్కి వెళ్ళి తొయ్యడం మొదలెట్టాడు. కారు కదల్లేదు. ఆయన ముఖం ఎర్రబడింది. ఆమె తలుపు తీసింది.

"నేను దిగనా మామయ్యా? యాభై రెండు కిలోలు తగ్గుతాయి."

"దిగావంటే ఊరుకోను. అది తగ్గించే బరువు కాదు. కూర్చో." మళ్ళీ బలమంతా పెట్టి తోశాడు. "దూదిపింజలా ఉందే కారు... కొంచెం ఆయాసంగా ఉంది, అంతే... తేలిక కారు తొయ్యడం ఎంత సుఖమో చూశావా..."

అప్పుడు చూసుకుంది ఆమె, హ్యాండ్‌బ్రేకు లాగి ఉంది. ఆయనకి వినబడకుండా దాన్ని మెల్లగా కిందికి దించింది. కారు గబుక్కున ముందుకి కదిలింది.

"చూశావా!" అన్నాడు మామయ్య వెనకనుంచి, గర్వంగా.