నున్నగా రుద్దిన అతుకు

గుడివాడలో పాలక్యాన్లు అతికి చెయ్యి తిరిగాక, తొంభైల చివర్లో బందరు వచ్చి గిలకలదిండిలో షెడ్డు పెట్టుకున్నాను. పడవలకు అల్యూమినియం డీజిల్ ట్యాంకులు చేసేవాణ్ణి. అప్పట్లో రేవు మొత్తానికి అల్యూమినియం అతికే టిగ్ వెల్డింగ్ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, అందుకని నోరు కూడా కాస్త ఎక్కువే. నా అతుకు వెండి గొలుసులా ఉంటుందని నేనే చెప్పుకునేవాణ్ణి.

ఒక ట్యాంకు మాత్రం అలా రాలేదు. అతుకంతా మసి, మధ్య మధ్య సూది బెజ్జాలు. పడవవాళ్లు బయట నిలబడి తొందరపెడుతున్నారు. నలుపు కనబడకుండా గ్రైండర్ పట్టాను. అల్యూమినియం మెత్తన. రుద్దితే సాగి బెజ్జాలను కప్పేస్తుంది. సబ్బునీళ్లు రాసి లోపలికి గాలి కొడితే ఒక్క బుడగ రాలేదు. "అద్దంలా ఉందండీ" అన్నారు. ఇచ్చేశాను.

నెల తిరక్కుండానే ఆ పడవ దివిసీమ దాపున సముద్రంలో ఆగిపోయింది. ట్యాంకులో చుక్క డీజిల్ లేదు. పడవ నడిపేది ఆ పడవవాళ్ల పెద్దకొడుకే. ఒడ్డు కనబడుతోంది కదా, సాయం తెస్తానని అతను ఈదుతూ వెళ్లాడు. మిగతావాళ్లను నాగాయలంక పడవ ఒకటి లాక్కొచ్చింది. అతను రాలేదు. డీజిల్ చూసుకోకుండా బయల్దేరి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడని రేవంతా అంది. ఇంట్లోవాళ్లూ అదే అన్నారు.

రెండు నెలలకు అతని తమ్ముడు ఆ ట్యాంకు తెచ్చి నా ముందు దింపాడు.

"ఈసారి పెద్దది చెయ్యండి మేస్త్రి గారూ. మా అన్నయ్య చూసుకోలేదండీ. నాకా ఖర్మ వద్దు."

అతను వెళ్లాక పాత ట్యాంకుకు మళ్లీ సబ్బునీళ్లు రాసి గాలి కొట్టాను. నేను రుద్దిన చోటే వరసగా బుడగలు లేచాయి. బెజ్జాలను కప్పిన పల్చటి పొర ఇంజను అదురుకు విచ్చుకుంది. కారిన డీజిల్ పడవ అడుగునీళ్లలో కలిసి, తోడి పారబోసినప్పుడు పోయి ఉంటుంది. ట్యాంకు మీద గోనెపట్టా కప్పాను. కప్పినా కళ్లు అటే పోయేవి. ఎవరైనా అతని మాటెత్తితే, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుండేది నా పని.

కొత్త ట్యాంకు మొదటి వైపు అతుకూ నల్లగానే వచ్చింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ముందు మిషన్ని తిట్టాను. గ్యాసు సిలిండర్ మార్చాను. మంట పుట్టించే టంగ్‌స్టన్ సూది కొత్తగా సానబెట్టాను. అతుకును కాచే గ్యాసును సముద్రపు గాలి చెదరగొడుతోందేమోనని చుట్టూ పట్టా కట్టాను. తుక్కు రేకు మీద వేస్తే తెల్లగా వస్తోంది, ట్యాంకు మీద వేస్తే మసి. పోయినవాడు ఒప్పుకోవడం లేదనుకున్నాను. పట్టపగలు, చెమటలు కారుతుండగా, నిజంగానే అలా అనుకుని భయపడ్డాను.

మర్నాడు టీ తాగి తొందరగా తిరిగొచ్చాను. షెడ్డులో ఆ అన్నదమ్ముల అమ్మ ఉంది. ఇంకా అతకని రెండో వైపు రేకుల అంచులకు వేలితో పసుపు రాసి, కొంగుతో తుడిచేస్తోంది.

"నిప్పు తగలకముందే పసుపు పెట్టాల నాయనా. నువ్వు కసురుతావని తుడిచేత్తన్నా."

గిన్నెలోకి చూశాను. ఉప్పునీళ్లకు నిలవాలని పసుపును కొబ్బరినూనెతో కలిపింది. తుడిస్తే పోయేది రంగే. నూనె రేకును వదలదు. మంట తగిలితే అదే మసి, అవే బెజ్జాలు.

"మొదటి వైపూ ఇలాగే పెట్టావా? పోయినసారి కూడానా అమ్మా?"

"పెద్దోడికి పెట్టకుండా ఉంటానా?"

నల్ల అతుకు కోసేశాను. అంచులన్నీ స్పిరిట్‌తో కడిగి, స్టీలు బ్రష్షుతో తోమి, మెరుపు కళ్లకు తగలకుండా ఆవిణ్ణి గోడవైపు తిరగమని చెప్పి మళ్లీ వేశాను. తెల్లగా, గొలుసులాగే వచ్చింది. చల్లారాక ఆవిడ దాన్ని తడిమి చూసింది.

"పోయినసారి నున్నగా ఉండేది. ఇది గరుగ్గా ఉందేం నాయనా?"

నూనె మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే నా బరువు సగం ఆవిడ మీద పడుతుంది. మింగేశాను.

"పోయినసారి అతుకు చెడిందమ్మా. తెలిసీ నున్నగా రుద్ది ఇచ్చాను. డీజిల్ కారిపోయింది అక్కడే. మీ అబ్బాయి తప్పేం లేదు."

ఆవిడ తిట్టలేదు. అతుకు మీంచి చెయ్యి తియ్యలేదు.

"అయితే మావోడు చూసుకునే ఎళ్లాడన్నమాట," అంది.

గిన్నె అక్కడే మర్చిపోయి బయటికి నడిచింది. రోడ్డు మీద మొదట ఎదురైన మనిషికే ఆ మాట చెబుతుంటే నాకు వినబడింది.

అతుకు ఎందుకు చెడిందని మాత్రం ఆవిడ అడగలేదు. ఎప్పుడు అడుగుతుందోనని, ఆవిడ పోయేదాకా, రేవులో కనబడినప్పుడల్లా నేను పక్క సందులోకి తప్పుకునేవాణ్ణి.