గుర్రమెక్కే పిల్ల తర్వాత ఎవరు?

ఆఖరి భాగం చదివేసిన మధ్యాహ్నం పుస్తకం వెనక్కి తిప్పి చూశాను, రాబోయే భాగం గురించి ఒక్క మాటైనా ఉందేమోనని. తలనొప్పి మాత్రల ప్రకటన ఉంది.

అది కొండకోటలో పెరిగిన ఒక పిల్ల కథ. తప్పిపోయిన అన్నను వెతుక్కుంటూ గుర్రమెక్కి ఊళ్ళకు ఊళ్ళు తిరుగుతుంది. చిన్న చిన్న పాకెట్ పుస్తకాలుగా వచ్చింది. ఆఖరి భాగంలో అన్న దొరికాడు, పిల్ల గుర్రం దిగింది, అంతే.

అప్పుడు మేం గురజాలలో ఉండేవాళ్ళం. నేను ఎనిమిదో తరగతి పూర్తిచేసి తొమ్మిదిలోకి వెళ్ళాల్సిన వేసవి అది. మా పక్కింట్లో ఆయిలింజన్లు బాగుచేసే మెకానిక్ కుటుంబం ఉండేది. ఇంట్లో తెలుగే మాట్లాడుకునేవాళ్ళు, పిలుపులు మాత్రం అబ్బా, దాదీ. ఆయన కూతురు నాకంటే కాస్త పెద్దది, అక్కా అనేదాన్ని. ఆయన తల్లిని వీధంతా దాదీ అనే పిలిచేది. ఆమెకు చదువు రాదు, పైగా రెండు కళ్ళకూ పొరలు కమ్ముతున్నాయి. మధ్యాహ్నం అన్నాలయ్యాక వాళ్ళ నాపరాళ్ళ వరండాలో నేనూ అక్కా వంతులేసుకుని పైకి చదువుతుంటే దాదీ కళ్ళు మూసుకుని వినేది. నిద్రపోయిందిలే అని ఒక పేరా దాటేస్తే, "ఏందే, గుర్రానికి నీళ్ళు పెట్టకుండానే బయల్దేరిందా?" అనేది.

ఆ కథ అయిపోయాక మా ముగ్గురికీ ఏమీ తోచలేదు. నేను వంటింట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి వంటింట్లోకి తిరుగుతుంటే అమ్మ విసుక్కుంది. "కాళ్ళు కాలిన పిల్లిలా తిరగబాక. కూర్చో." కూర్చుంటే ఇంకా కష్టంగా ఉండేది. ఎండలో బస్టాండు దగ్గరి అద్దె పుస్తకాల కొట్టుకి పరిగెత్తేదాన్ని.

"అట్టాంటిదే ఇంకోటి ఇవ్వండి" అంటే కొట్టాయన నవ్వేవాడు. "అట్టాంటిదంటే? గుర్రముండాలా, కోట ఉండాలా?"

నాకు చెప్పడం వచ్చేది కాదు. గుర్రమున్న పుస్తకం ఇచ్చాడు. ఆ గుర్రమెక్కి ఒక యువరాజు తిరిగాడు, పిల్ల మేడ మీద నిలబడి చూసింది. కోట ఉన్నదిచ్చాడు. అందులో అన్నీ దయ్యాలే. ఇంకోదాంట్లో హీరోయిన్ మొదటి పేజీ నుంచీ ఏడుస్తూనే ఉంది. దాదీ చేయి విదిలించి, "తీసేయ్, ఆ పిల్ల ముక్కు చీదుకోటం అయ్యాక మొదలుపెట్టు" అంది.

ఆ రోజుల్లోనే దాదీ కళ్ళు నరసరావుపేటలో చూపించాలన్నారు. కొడుక్కి పని వదిలి రావడం కుదరలేదు.

"ఈ పిల్లలిద్దరూ తీసుకుపోతార్లే" అంది దాదీ.

"వాళ్ళా? వాళ్ళని ఎవురు చూసుకుంటారు?" అంది మా అమ్మ గోడ ఇవతల నుంచి.

"నేను చూసుకుంటా."

"నీకు చూపే లేదు గదా దాదీ!"

"నోరుంది గదమ్మా" అంది దాదీ. అమ్మకు నవ్వొచ్చింది. ఇంక కాదనలేకపోయింది.

పొద్దున మాచర్ల నుంచి వచ్చే ప్యాసింజరెక్కాం. దారి పొడుగునా నేను కిటికీ దగ్గర కుదురుగా ఉండలేదు. నరసరావుపేటలో పెద్ద కొట్లుంటాయి, అక్కడ ఇంకో భాగం వచ్చే ఉంటుంది, మా ఊరికి చేరలేదంతే అనుకుంటూ పోయాను. ఆస్పత్రిలో డాక్టరు చుక్కలేసి చూసి, పొర ఇంకా ముదరాలి, వానాకాలం దాటాక ఆపరేషన్ చేద్దామన్నాడు. దాదీ లేచి చీర సర్దుకుంది. "చూపు సంగతి అయిపోయింది. పుస్తకాల కొట్టు యాడుందో కనుక్కోండి."

స్టేషన్ దారిలో పాత పుస్తకాల కొట్టు దొరికింది. అక్క అడిగింది. కొట్టాయన తల అడ్డంగా ఊపాడు. "ఇంక రావమ్మా. రాసినాయనే ఆపేశాడంట. అన్న దొరికాడు గదా, ఇంకేం రాస్తాడు?"

దాదీకి కోపమొచ్చింది. "అన్న దొరికితే పిల్ల చచ్చిపోయిందా ఏంది?"

దాదీ కొట్టు ముందు స్టూలు వేయించుకుని కూర్చుంది. ఒక్కో పుస్తకం మొదటి పేజీ మాతో చదివించింది. నాలుగు వాక్యాలు వినేది, "వద్దు" అనేది. కొట్టాయన మొహం ముడుచుకుంటూనే ఇంకో కట్ట తీసిపెట్టేవాడు. చివరికి ఒకటి తగిలింది. నాన్న జ్వరంతో పడుంటే కూతురు ఏట్లో పడవ విప్పుకుని బయల్దేరుతుంది. దాదీ ముందుకు వంగింది.

"ఇది ఎవర్నీ అడగలా. బయల్దేరింది. ఇదే కావాల."

నాకు అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్ళూ గుర్రం, కోట అని వెతికాను. మేం వెతుకుతున్నది ఆ బయల్దేరడం.

తిరుగు రైల్లోనే చదవడం మొదలుపెట్టాం. మర్నాడు సగానికొచ్చాం. అక్కడ ఎవరో పట్నం నుంచి వచ్చిన కుర్రాడు తెడ్డు అందుకున్నాడు. పిల్ల ఒడ్డున కూర్చుని అతని కోసం ఎదురుచూడసాగింది. పేజీలు తిప్పుకుంటూ ముందుకు చూశాను. ఆఖరిదాకా ఒడ్డునే ఉంది.

"ఆపావేందే?" అంది దాదీ.

నాకు ఒళ్ళు మండిపోయింది. నరసరావుపేట దాకా పోయింది ఇందుకా? పుస్తకం మూయబోయి, మళ్ళీ తెరిచి చదివాను. "ఆ పిల్ల లేచి నిలబడింది. నా తెడ్డు నాకివ్వు అంది."

అక్క నా భుజం మీదుగా వంగి పేజీలో వేలు పెట్టి వెతికింది. అలాంటి వాక్యం అక్కడ లేదు. నా మొహంలోకి చూసింది. అక్క లోపలికెళ్ళి చెంబుతో మంచినీళ్ళు తెచ్చి నా పక్కన పెట్టింది. నేను నీళ్ళు తాగి, ఆ పిల్లను పడవెక్కించాను.

ఆ పడవ వేసవంతా నడిచింది. బడి తెరిచాక ఆదివారాలు నడిచింది. రేపు పిల్ల ఎటు పోవాలో తేల్చుకోలేక నేను అన్నం ముందు కూడా పరధ్యానంగా ఉండేదాన్ని. ఒక్కోసారి అక్కే ముందుగా నన్ను పక్కకు లాగి, "వరద రానీవే, చానా రోజులైంది" అనేది.

వానలు వెనకబట్టాక దాదీకి ఆపరేషన్ అయింది. మేం చూడ్డానికి వెళ్ళేసరికి కంటికి కట్టుతో పడుకుని, పక్క మంచంలో ఉన్న అచ్చంపేట పెద్దావిడకు పడవ పిల్ల కథ చెబుతోంది. ఆ పెద్దావిడ నా చేయి పట్టుకుంది. "ఆ పుస్తకం పేరేంది పాపా? మా మనవరాలికి తెప్పిస్తా."

నేను అక్క వైపు చూశాను.

"అది ఇంకా అచ్చు కాలేదు పెద్దమ్మా" అంది అక్క.

"అయ్యేదాకా నేనుండొద్దూ? ఇప్పుడే చెప్పమను."

దాదీ నాకు మంచం మీద కాస్త చోటిచ్చింది. నా చేతిలో పుస్తకం లేదు. కూర్చుని మొదలుపెట్టాను.