ప్లానులో లేని ఊరు

శృంగవరపుకోట పక్క పల్లెలో పుట్టిన రాజకుమారికి చిన్నప్పటినుంచీ కరెంటంటే భయం లేదు. పొలంలో మోటారు ఆగిపోతే వాళ్ళ నాన్న నరసింగరావు మెకానిక్కు కోసం కోటకు పరిగెత్తేవాడు. ఆయన తిరిగొచ్చేలోగా ఈ పిల్ల ఫ్యూజు తీగ మార్చి నీళ్ళు పారించేది. తిట్లు తిన్నా మానలేదు. పదో తరగతి కాగానే విజయనగరం పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్‌లో చేర్చారు. చదువయ్యాక పంపుసెట్ల కొట్లో కూర్చుంది, ఒక కాలేజీ ల్యాబులో పనిచేసింది. ఏదీ నిలకడైన ఉద్యోగం కాదు.

2018లో ఎక్కడ విన్నా బ్యాటరీ బళ్ళ మాటే. పెట్రోలు బంకుల్లాగా ఊరూరా చార్జింగు స్టేషన్లు పెట్టాలని విశాఖలో ఒక ప్రైవేటు కంపెనీ ప్లాను గీస్తోంది. విజయనగరం నుంచి ఇచ్ఛాపురం దాకా స్థలాలు చూసొచ్చే పనికి రాజకుమారిని కాంట్రాక్టు మీద తీసుకున్నారు. పై అధికారి పృథ్వీరాజ్ ఆఫీసులో కూర్చుని కంప్యూటరు మ్యాపు మీద చుక్కలు పెట్టేవాడు. ఈమె ఆ చుక్క దగ్గరికి వెళ్ళి, ట్రాన్స్‌ఫార్మరు ఎంత దూరం, బళ్ళు నిలపడానికి చోటుందా, వానాకాలం నీళ్ళు నిలుస్తాయా అని చూడాలి. బాగుంటే కరెంటు స్తంభానికి పసుపు రంగు పూసి, నేలలో మేకు దిగ్గొట్టి, ఫొటో పంపాలి. వేసవి దాటేలోగా అన్నీ పూర్తిచేస్తే ఉద్యోగం పర్మనెంటు చేస్తానని ఆయన మాటిచ్చాడు.

ఆ పని ఆమెకు ఎంతో నచ్చింది. విజయనగరంలో ఆటోవాళ్ళు చుట్టూ మూగి, "బేటరీ బండి కొండెక్కుతాదా అప్పా?" అని అక్క వరసలో అడిగితే విసుక్కోకుండా చెప్పేది. కంపెనీకి సొంత జీపు అద్దెకు తిప్పే లక్ష్ముడు టెక్కలి వైపు మనిషి, వయసులో పెద్ద. ఆమె అతన్ని మావా అనేది. అతను పదిమందిలో మేడమ్ అనేవాడు, భయమేస్తే మాత్రం పాపా అనేవాడు.

భావనపాడుకు కాస్త ఇవతల గంగుపేట అని ఒక చేపల పేట. మ్యాపులో అక్కడొక చుక్క ఉంది. మధ్యాహ్నం ఎండలో జీపు అక్కడికి చేరేసరికి ఆడవాళ్ళు సిమెంటు గచ్చు మీద కవ్వళ్ళ చేపలు ఎండబెడుతున్నారు. రాజకుమారి ట్రాన్స్‌ఫార్మరు చూసింది, టేపు పట్టింది, స్తంభానికి రంగు పూసింది. మేకు మీద సుత్తి దెబ్బ పడేసరికి ఒక పెద్దావిడ చీరకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆమె పేరు దేముడమ్మ. ఎండుచేపలు సంతలకు పట్టుకెళ్ళి అమ్ముతుంది. పేటలో ఆమె మాటకు విలువుంది.

"ఏటమ్మా, ఏటి కొలుస్తన్నావు?"

"చార్జింగు స్టేషనండీ. కరెంటు కార్లకు బంకు లాంటిది."

"కార్లా? మా పేటలో కారెవులికున్నాదే?"

గచ్చు మీద ఆడవాళ్ళు పకపకా నవ్వారు. రాజకుమారి కూడా నవ్వింది. నవ్వాక, ఆ ప్రశ్నకు తన దగ్గర జవాబు లేదని తెలిసింది. హైవే మీద బంకెందుకో చెప్పగలదు, విజయనగరంలో ఎందుకో చెప్పగలదు. రోడ్డు ఇసకలో కలిసిపోయే ఈ చోట ఎందుకు?

"ముందు ముందు వస్తాయి కదండీ," అంది.

"ఎవులొస్తారు?"

ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆ తీరంలో కొంతకాలంగా ఒక పుకారు నలుగుతోంది. ఓడరేవు వస్తుందని, ఊళ్ళు లేపేస్తారని. ఎవరు టేపు పట్టుకొచ్చినా పేట ఉలిక్కిపడేది. అంతకుముందు వచ్చినవాళ్ళను అడిగితే ఒకరు రోడ్డుకన్నారు, ఇంకొకరు మరుగుదొడ్లకన్నారు. ఇప్పుడీ కొలతల కబురు ఒడ్డుకు చేరినట్టుంది. వలలు వదిలేసి మగవాళ్ళు వచ్చారు. ముందు నడిచినవాడు దేముడమ్మ కొడుకు ఎర్రన్న. వస్తూనే జీపు తాళం లాక్కున్నాడు. ఇంకొందరు పడవను తోసుకొచ్చి దారికి అడ్డంగా పెట్టారు.

"పాపా, ఎక్కీ, ఎల్లిపోదాం," అన్నాడు లక్ష్ముడు గొణుగుతున్నట్టు. తాళం తన దగ్గర లేదన్న సంగతి కూడా మరిచిపోయాడు.

రాజకుమారిని తుఫాను షెల్టరు వరండాలో కూర్చోబెట్టారు. ఎవరూ చెయ్యి చేసుకోలేదు. కానీ చుట్టూ మనుషులు పెరుగుతున్నారు. వెనకవాళ్ళు ముందుకు తోస్తున్నారు. 

ఎర్రన్న ఆమె ఫోను ఆమె ముందే పెట్టాడు. "మీ పెద్దోడికి సెయ్యి. స్పీకరెట్టు, అందరికీ ఇనబడాల. ఇంటన్నామని ఆడికి సెప్పీసినావో, సూసుకో మరి."

ఇంగ్లీషులో ఒక్క ముక్క అంటే పృథ్వీరాజ్ జాగ్రత్తపడేవాడు. ఆ సంగతి ఆమెకు తట్టింది. అనలేదు. చుట్టూ ఉన్నవాళ్ళలాగే ఆమెకూ జవాబు కావాలి.

"సార్, గంగుపేటలో ఉన్నాను. ఇక్కడ ఒక్క కారూ లేదు. ఇక్కడ స్టేషను ఎందుకు సార్?"

"ఆ సంగతి నీకెందుకమ్మా? ట్రాన్స్‌ఫార్మరుందా లేదా చెప్పు."

"ఉంది సార్. కానీ ఎవరి కోసమని రాయాలి?"

అవతల చిన్న నవ్వు వినిపించింది. "ఇప్పటి సంగతి కాదమ్మా. రేవు వస్తే అటు పెద్ద రోడ్డు పడుతుంది. కంపెనీ బళ్ళు తిరుగుతాయి. వాటికి."

"మరి ఈ ఇళ్ళు సార్?"

"అప్పటికి ఇళ్ళెక్కడుంటాయి? మన ప్లానులో అది ఖాళీ స్థలమే. ఊరు లేదు. నువ్వు ఫొటో పంపించెయ్."

 ఒక్కసారిగా అరుపులు లేచాయి. ఎవరో తెడ్డు విసిరితే జీపు అద్దం భళ్ళున పగిలింది. ఒకడు రాజకుమారి భుజం మీదున్న సంచి గుంజాడు. లక్ష్ముడు అడ్డం వచ్చి వెనక్కి పడ్డాడు.

"నాకు తెలీదు! ఒట్టు, నాకు తెలీదు!" అని అరిచింది.

దేముడమ్మ జనాన్ని చేత్తో ఆపి ఆమె ముందు నిలబడింది. "నీకు తెల్దని మాకెలగ తెలస్తాది?"

ఆ మాటకు రాజకుమారి ఏడవబోయి ఆగింది. లేచి నిలబడింది. అప్పటిదాకా మాట్లాడిన ఆఫీసు తెలుగు నోటికి రాలేదు. "పదండి, మండలాఫీసుకి ఇప్పుడే ఎల్దాం. నాను ఇన్నదంతా మీ ముందరే సెప్తాను."

"బండెక్కి పారిపోడానికా?" అన్నాడు ఎర్రన్న.

"పక్కన నాను కూకుంటాన్రా. నన్నొగ్గీసి ఎలగ పారిపోద్దో సూస్తాను," అంది దేముడమ్మ.

పడవ పక్కకు జరిపారు. జీపు నడపడానికి తాళం తన మనిషికే ఇచ్చాడు ఎర్రన్న. ముందు జీపు, వెనక మోటారు సైకిళ్ళ మీద ఎర్రన్నా వాళ్ళూ. దారిలో ఫోను మోగింది. పృథ్వీరాజే. ఇందాక అరుపులు విన్నాడు, విషయం పసిగట్టాడు.

"ఎవరెవరు విన్నారు?"

"ఊరంతా విన్నాది సార్. మండలాఫీసుకి వెళ్తున్నాం."

"నీకు మతి పోయిందా? తప్పుగా విన్నానని చెప్పు. నీ పర్మనెంటు ఆర్డరు టైపు చేయించి పెట్టాను రాజకుమారీ, సంతకమే తరువాయి. ఆలోచించుకో."

ఆమె ఫోను పెట్టేసింది. 

"ఉజ్జోగం పోద్దా?" అని అడిగింది దేముడమ్మ.

"పోద్ది కాబోలు."

"మరెందుకొస్తన్నావు?"

"ఎనక్కి తిరిగితే మీవోడు ఒగ్గుతాడా?" అంది రాజకుమారి. "అదొకటే కాదులే," అని కిటికీలోంచి బయటికి చూసింది. ధైర్యంతో వెళుతోందో భయంతో వెళుతోందో ఆ రోజు ఆమెకే తెలియలేదు. ఇప్పుడడిగినా అదే చెబుతుంది.

తాసిల్దారు గణపతిరావు ఇంటికి బయలుదేరబోతున్నాడు. గుమ్మంలో గుంపును చూసి ఆగిపోయాడు. రాజకుమారి నిలబడే చెప్పింది. ఫోనులో విన్న మాటలు ఒక్కటీ మార్చలేదు. 

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "ఈ ఊరిని లేపమని నాకే ఆర్డరూ రాలేదు. రాని ఆర్డరు ఆ కంపెనీకెలా తెలిసింది?" అంటూ కంపెనీకి ఫోను చేశాడు. వాళ్ళు మాటలు నమిలారు. పత్రికల్లో వచ్చింది చూసి వేసుకున్న అంచనా తప్ప ఇంకేం లేదన్నారు. ఎవరి అంచనాకో ఒక ఊరు మ్యాపులో మాయమైంది. తాసిల్దారు గట్టిగా మాట్లాడాక గంగుపేట చుక్క తీసేస్తామని ఒప్పుకున్నారు.

ఎర్రన్న జీపు తాళం లక్ష్ముడి చేతిలో పెట్టాడు. క్షమాపణ అడగలేదు. దేముడమ్మ మెట్లు దిగుతూ, "సుక్కైతే తీసీసినారు. ఆల మనసులోంచి తీసినారా?" అంది. 

ఉద్యోగం ఆ వారమే పోయింది. ఇంటికెళ్ళి నరసింగరావుకి చెప్పింది. "ఆ గుంపులో నీకేటైనా అయితే?" అన్నాడాయన. ఉద్యోగం గురించి ఆయన అడగనే లేదు. చాలా రోజుల వరకు నలుగురు గట్టిగా మాట్లాడుకుంటే చాలు, ఆమె అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోయేది. తర్వాత విజయనగరంలో బ్యాటరీ ఆటోలు అమ్మే షాపులో వైరింగు పనికి కుదిరింది. ఆ అక్టోబరులో తిత్లీ తుఫాను పేటలో పైకప్పులు లేపేస్తే లక్ష్ముడి జీపులో టార్పాలిన్లు వేసుకుని వెళ్ళింది. దేముడమ్మ ఆమెకు ఇసకలోనే పీట వేసింది.

మరుసటేడు ఒక పొద్దున షాపులో ఉండగా ఎర్రన్న ఫోను చేశాడు. ఈసారి ఊళ్ళోకి ఎవరూ రాలేదట, టేపులూ లేవట.

"అప్పా, పేట మీద ఏదో ఎగురుతన్నాది. తుమ్మెదలాగ రొద సేస్తన్నాది. అమ్మ అన్నం ఒగ్గీసి సూస్తన్నాది. ఏటది?"

"డ్రోను. పైనుంచి ఫొటోలు తీస్తాది."

"ఎవులిది?"

"తెలీదు. ఎటు నుంచొచ్చిందో, ఎటెల్తాదో సూసి ఉంచండి. రాళ్ళు రువ్వీకండి. నాను బయల్దేరతన్నాను."

స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టి, యజమానితో ఒక మాట చెప్పి, టెక్కలి బస్సు కోసం ఆర్టీసీ కాంప్లెక్సుకు నడిచింది.