పాల్కోవాకి ప్రైజు

నాకు ఇరవై రెండేళ్ళున్నప్పుడు, లోకంలో జరిగే అన్యాయాలన్నీ సరిగ్గా నేను నిలబడ్డ చోటే జరుగుతున్నాయని గట్టి నమ్మకం. బస్సులో కిటికీ పక్క సీటు ఇంకొకరికి దొరికినా అన్యాయమే, స్టాఫ్ రూములో నా కప్పులో వేరేవాళ్ళు టీ తాగినా అన్యాయమే. ఇప్పుడు తలుచుకుంటే వాటిలో చాలావాటికి నవ్వొస్తుంది. ఒక్కదానికి మాత్రం ఈ రోజుకీ నవ్వు సగం, కోపం సగం. ఎవరిది తప్పో మీరే తేల్చండి.

మాది కోవిల్పట్టి. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. (ఆ తెలుగు మాట్లాడటమే గాని రాయడం మా ఇంట్లో ఎవరికీ రాదు, నేను అక్షరాలు నేర్చుకున్నది పెళ్ళయ్యాక.) చదువు కాగానే విరుదునగరంలో ఒక చిన్న నర్సరీ బడిలో యూకేజీ టీచరుగా చేరాను. రోజూ పొద్దున్నే బస్సెక్కి సాత్తూరు మీదుగా పోవడం, సాయంత్రం అదే దారిన తిరిగి రావడం. మొదటి ఏడాదంతా చూసి, నచ్చితేనే పెద్ద మేడం (బడి ఆవిడదే) ఉద్యోగం ఖాయం చేస్తుంది. ఆ ఏడాది చివరికి వచ్చిన వేళ, ఆవిడ నన్ను పిలిచి ఫోన్లో ఒక బొమ్మ చూపించింది. గాజు గ్లాసులో ఒక తెల్లపొర, ఒక ఎర్రపొర, మళ్ళీ తెల్లపొర, పైన పుదీనా ఆకు. "తల్లిదండ్రుల్ని పిలుస్తున్నాం. పొయ్యి లేని వంట. ఒంటికి మంచిదై ఉండాలి, పిల్లలు వాళ్ళ చేతులతోనే చెయ్యాలి, చూడ్డానికి ఇట్లా ఉండాలి. బాగా చేసిన క్లాసుకి ప్రైజు" అంది. ఆ తెల్లపొర పెరుగు, ఎర్రపొరలో ఉన్నవి స్ట్రాబెర్రీలు. విరుదునగరం ఎండలో స్ట్రాబెర్రీలు. నేను నోరెత్తలేదు, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు కదా. అక్కడ అనని మాటలన్నీ మోసుకొచ్చి ఇంట్లో మా అవ్వ దగ్గర దించాను.

అవ్వ అంతా విని, "పెరుగులో అరటిపండు పిసికి తినేదానికి ఇంత కత ఎందుకు పాపా?" అంది.

"పిసకగూడదవ్వా. పొరలు పొరలుగా కనపడాల."

"కడుపులోకి పోయినంక పొర ఏడ కనపడతాది?"

ఆమెతో వాదించి గెలిచినవాళ్ళు మా వంశంలో లేరు. కానీ దారి చూపింది కూడా ఆమే. గుడ్డలో మూటకట్టి వేలాడదీస్తే పెరుగు గట్టిపడుతుందంది. అడుగున వేసేదానికి సజ్జ పేలాలు తానే వేయించి ఇచ్చింది. ఎర్రపొరకి దానిమ్మ గింజలు, మధ్యలో అరటిపండు, పైన మా ఊరి వేరుశెనగ మిఠాయి దంచిన పొడి. ఒక గ్లాసు చేసి చూసుకుంటే, నిజం చెప్పొద్దూ, ఫోన్లో బొమ్మకన్నా బాగుంది.

పోటీ రోజు పెరుగు క్యారియరు ఒళ్ళో పెట్టుకొని, ప్రతి గతుకుకీ డ్రైవర్ని మనసులో తిట్టుకుంటూ బడికి చేరాను. ముందు మూడు గ్లాసులు నమూనాగా నేనే చేసి చూపించాను. తర్వాత పిల్లలు మొదలుపెట్టారు. ఇరవై మంది పిల్లలు, ఇరవై గ్లాసులు. పది నిమిషాల్లో అరటిపండ్లు సగం కడుపుల్లోకి పోయాయి. ఒకడు అడుగున వెయ్యాల్సింది పైన, పైన వెయ్యాల్సింది చొక్కా మీద వేసుకున్నాడు. నా క్లాసులో ఒక ఆడపిల్ల ఉండేది, ప్రతిదానికీ ఎందుకని అడిగి, జవాబు నచ్చకపోతే మళ్ళీ అడిగేది. ఆ పిల్లని నేను మనసులో వకీలు అని పిలుచుకునేదాన్ని. వకీలు అన్ని పొరలూ బుద్ధిగా, నేను చెప్పిన వరసలోనే వేసి, ఆ తర్వాత చెంచా దించి గిరగిరా కలిపేసింది. గ్లాసు నిండా బురద రంగు.

"ఎందుకు కలిపావమ్మా?" అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

"అన్నంలో సాంబారు కలుపుకొనే కదా మిస్ తింటాం? కలపకుండా ఎట్లా తింటారు?"

తల్లిదండ్రులు వరండాలోకి వచ్చేస్తున్నారు. అప్పుడు నేను చేసిన పని ఒకటుంది. దాన్ని కాసేపు మీ దగ్గర కూడా దాచాలనిపిస్తోంది గాని, చెప్పేస్తాను. నా మూడు నమూనా గ్లాసులూ ముందు వరసలో పెట్టాను. కాస్త ఒరిగిన గ్లాసుల్ని చెంచాతో సర్ది వాటి వెనక పెట్టాను. మరీ ఘోరంగా ఉన్న ఎనిమిదింటిని, వకీలు గ్లాసుతో సహా, బల్ల కింద పెట్టి పైనుంచి గుడ్డ వేలాడేశాను. ఆ నిమిషంలో అది నాకు తప్పని తోచనే లేదు. సర్దుబాటు అనుకున్నాను.

పక్క బల్ల ఎల్కేజీ టీచరుది. ఆవిడని బడి మొత్తం సీనియర్ మిస్ అనేది. ఆవిడ ముందు గాజు గిన్నెలో శ్రీవిల్లిపుత్తూరు పాల్కోవా ఒక పొర, క్రీము బిస్కెట్లు ఒక పొర, మళ్ళీ పాల్కోవా, పైన చెర్రీలు. ఎల్కేజీ పిల్లలు కాగితం టోపీలు పెట్టుకొని, చేతికి చుక్క అంటకుండా గోడవారగా బొమ్మల్లా నిలబడి ఉన్నారు. బల్ల వెనక ఖాళీ పాల్కోవా డబ్బాలు కూడా నేను చూశాను. పోనీలే, ఆరోగ్యమన్నారు కదా, దీనికెవరు ప్రైజిస్తారు అనుకున్నాను. ఇవ్వాల్సిన పెద్దమనిషి దంతాల డాక్టరు. ఆయన రెండు బల్లలూ చూసి, పాల్కోవా ఒక చెంచా నోట్లో వేసుకొని, కళ్ళు మూసుకొని, మళ్ళీ తెరిచి, ప్రైజు ఎల్కేజీకే అన్నాడు. (అవి తింటేనే కదా రేపు పిల్లలు ఆయన దగ్గరికి వెళ్ళేది.) పెద్ద మేడం చప్పట్లు కొట్టించింది, ఫోటో తీయించింది.

నా చెవులు వేడెక్కిపోయాయి. ఉద్యోగం సంగతి మర్చిపోయి ముందుకెళ్ళాను. "సార్, ఒక మాట. పిల్లలు వాళ్ళ చేతులతో చేసిందానికే ప్రైజు అన్నారు. అదెవరు చేశారో ఆ పిల్లల్నే అడగండి సార్" అన్నాను. నిజం నా పక్షాన ఉందని గట్టిగా నిలబడ్డాను.

డాక్టరు మంచివాడే. వంగి, ఒక టోపీ పిల్లవాణ్ణి అడిగాడు. వాడు ఆలోచించకుండా "కొట్లో చేశారు" అన్నాడు. తల్లిదండ్రులు ఘొల్లున నవ్వారు. సీనియర్ మిస్ మొహం ఎర్రబడింది. ఆ గెలుపు నేను అనుభవించింది ఎంతసేపంటే, డాక్టరు ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి తిరిగినంతసేపు. "మరి ఇవి?" అని ఆయన దగ్గరగా నిలబడ్డ పిల్లని అడిగాడు. ఆ పిల్ల వకీలు.

"ఇది మిస్ చేసింది" అంది వేలు చూపిస్తూ. "ఇదీ మిస్సే. అదీ మిస్సే. ఆ వెనకవి మిస్ చెంచాతో సర్దింది. మావి బల్ల కింద ఉన్నాయి." అని గుడ్డ పైకెత్తింది.

ఎనిమిది గ్లాసులు వరసగా. వరండాలో ఎవరూ నవ్వలేదు; నవ్వినా బాగుండేది. డాక్టరు కిందికి వంగి వకీలు గ్లాసు అందుకున్నాడు. "పొరలేవమ్మా?" అంటే, "కలిపితేనే బాగుంటుంది" అంది. ఆయన ఒక చెంచా తిని, ఇంకోటి తిని, గ్లాసు ఖాళీ చేసి, అడుగున అంటుకున్న మిఠాయి పొడి కూడా గీకి తిన్నాడు. అయినా ప్రైజు మారలేదు. "ఫోటో తీసేశాం కదా" అంది పెద్ద మేడం. ఇదేం న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అందరూ వెళ్ళాక వకీలు పక్కన నేల మీద కూర్చొని, "తప్పు చేశానమ్మా. అందంగా లేవని కింద పెట్టాను" అన్నాను. ఆ పిల్ల, "మాతో చెప్పి పెట్టుంటే మేం ఒప్పుకునేవాళ్ళం మిస్" అంది. ఆ మాట గుచ్చుకున్నంతగా, తర్వాత పెద్ద మేడం పెట్టిన చీవాట్లు కూడా నాకు గుచ్చుకోలేదు.

మరుసటి వారం వకీలు తండ్రి బడికొచ్చాడు. ఊళ్ళో నూనెలో వేయించే పొరోటాల కొట్టు ఆయనది. ఫిర్యాదుకే వచ్చాడనుకొని ముందే నిలబడ్డాను. ఫిర్యాదే. "టీచరమ్మా, ఆరు రోజులుగా రోజూ సాయంత్రం ఆ పెరుగూ అరటిపండే నాకు. కొట్లో పొరోటా ముట్టనివ్వడం లేదు. గ్లాసు చేతికిచ్చి, ఇదెవరు చేశారో చెప్పమంటుంది. నువ్వే చేశావమ్మా అని మూడుసార్లు చెప్తే గాని చెంచా ఇవ్వదు. మీ మాటైతే వింటుంది, ఒక్కరోజు సెలవిప్పించండి" అన్నాడు. అది విని నాతోపాటు పక్కనే ఉన్న పెద్ద మేడం కూడా నవ్వింది. నా ఉద్యోగం ఖాయమైంది ఆ నవ్వు వల్లేనని నా అనుమానం.

ఇప్పుడు నేను కోవిల్పట్టిలోనే వేరే బడిలో పనిచేస్తున్నాను. ఇక్కడ సీనియర్ మిస్ నేనే. పోయిన నెల తనిఖీకి ముందు, పిల్లలు గీసిన బొమ్మల్లో కాస్త వంకరగా ఉన్నవాటికి నేను గీతలు సరిచేసి గోడకి అంటించాను. కొత్తగా చేరిన అమ్మాయి తిన్నగా నా దగ్గరికొచ్చింది. చెవులు ఎర్రగా ఉన్నాయి. "మేడం, మీరు చేసింది అన్యాయం" అంది, ఇంకా చాలా అంది. చున్నీ కొసని వేళ్ళకి చుట్టుకుంటూ, విప్పుతూ చెప్పుకుపోతోంది. నేను నవ్వకుండా చివరిదాకా వినడానికి చాలా అవస్థపడ్డాను. తర్వాత ఇద్దరం స్టూలు ఎక్కి, నా గీతలున్న బొమ్మలన్నీ గోడ మీంచి తీసేశాం.